ఎలిమెంటరీ టీచర్ల శిక్షణకు లైబ్రేరియన్లను పిలవండి

ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, అందులో దినపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని సబ్జెక్టుల పుస్తకాలు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో రాశారు. ఆ పుస్తకాలను ఎవరు చూసుకోవాలో మాత్రం రాయలేదు. కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ పోస్టు ఉంటుంది. విజయవాడ వన్‌టౌన్‌లోని మున్సిపల్ ఎలిమెంటరీ స్కూలుకు గానీ, గుంటూరు పక్క పల్లెలోని మండల పరిషత్ బడికి గానీ ఆ పోస్టు లేదు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నెట్టుకొచ్చే చోట ఆ ఇద్దరిలో ఒకరే లైబ్రేరియన్. ఆ పని ఎలా చేయాలో వారికి ఎవరూ నేర్పలేదు.

నేర్పగలిగినవారు అదే ఊళ్లో, తరచూ అదే వీధి చివర ఉన్నారు. జిల్లా గ్రంథాలయ సంస్థల శాఖా గ్రంథాలయాల్లో పనిచేస్తున్న లైబ్రేరియన్ల చేత ఎలిమెంటరీ టీచర్లకు శిక్షణ ఇప్పించాలన్నది నా వాదన. శిక్షణ హాలులో ప్రొజెక్టరు ముందు కాదు, గ్రంథాలయంలోనే, పుస్తకాల మధ్య జరగాలి.

ఎస్జీటీలకు, అంటే ఎలిమెంటరీ టీచర్లకు, ట్రైనింగుల కొదవ లేదు. చదువు, లెక్కల పునాది మీద ఎఫ్‌ఎల్‌ఎన్ ట్రైనింగు, బోధన సామగ్రి (టీఎల్‌ఎం) తయారీ, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులు, కొత్త యాప్ వచ్చినప్పుడల్లా దాని మీద ఇంకొకటి. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఎలా నేర్పాలో వాటిలో చెబుతారు. అవన్నీ వచ్చాక పిల్ల ఏం చదవాలన్న దగ్గర మాట ఆగిపోతుంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021 జులైలో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టుకుంది. గడువు 2026-27. ఒక్క వాచకంతో ఆ లక్ష్యం నెరవేరదని బడిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పదిసార్లు చదివించిన పాఠాన్ని పిల్లవాడు పుస్తకం వైపు చూడకుండానే చదివేస్తాడు. వేలు ఒక లైను మీద ఉంటుంది, నోరు ఇంకో లైనులో ఉంటుంది. అదే పిల్లవాడికి ఎప్పుడూ చూడని కథల పుస్తకం ఇస్తే మొదటి వాక్యంలోనే ఆగిపోతాడు. చూడని పుస్తకాలు ఎన్నో చేతికి వస్తేనే చదువు నిలబడుతుంది. అందుకు ఏ పిల్లకు ఏ పుస్తకం సరిపోతుందో తెలిసిన మనిషి కావాలి.

డబ్బు అసలే లేదనడానికి వీల్లేదు. 2018లో వచ్చిన కేంద్ర పథకం సమగ్ర శిక్షా ప్రాథమిక పాఠశాల లైబ్రరీకి ఏటా 5,000 రూపాయల వరకు, ఎనిమిదో తరగతి వరకు ఉన్న బడికి 13,000 వరకు గ్రాంటు పెట్టింది. మన రాష్ట్రంలోనే 2020 నవంబరులో ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం మొదలైంది. పుస్తకాలు కట్టలుగా బడికి చేరాయి. వాటిలో మంచివి ఉన్నాయి, ఐదో తరగతి పిల్లలకు కూడా కొరుకుడు పడనివీ ఉన్నాయి. ఏది ఏదో విడదీసే పని టీచరుదే. కట్ట విప్పి స్టాక్ రిజిస్టరులో ఎక్కించేసరికే ఓపిక అయిపోతుంది.

ఆ తర్వాత బీరువా. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పిల్లలు చదవకపోవడానికి మనం చెప్పుకునే కారణాల్లో ఇది ఎప్పుడూ వినపడదు. పుస్తకం పిల్లల చేతికిస్తే చిరుగుతుంది, పోతుంది. పోతే లెక్క చెప్పాల్సింది రిజిస్టరులో సంతకం పెట్టిన టీచరో హెచ్‌ఎంమో. రేపు బదిలీ అయితే చార్జి అప్పగించేటప్పుడు ఒక్కో పుస్తకం లెక్క చూస్తారు. తక్కువైతే చేతి నుంచి కట్టుకోవాలేమోనన్న భయం. అందుకే బీరువాకు తాళం. తనిఖీకి వచ్చినవారు చూసినప్పుడు పుస్తకాలు కొత్తవిగా, నంబర్లతో, వరుసగా ఉంటాయి. టీచరును తప్పు పట్టలేం. ఆ తాళాన్ని వేయించింది భయమే, నిర్లక్ష్యం కాదు.

లైబ్రేరియన్‌కు ఈ భయం ఉండదు. పుస్తకం వాడితే అరుగుతుందని, కొన్ని పోతాయని వృత్తిలో మొదటి రోజునే తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ 2017 ఆర్థిక నియమావళిలో 215వ నియమం ఏడాదిలో పాఠకులు తీసుకున్న ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమేనని ఒప్పుకుంటుంది. అందులో మోసం గానీ నిర్లక్ష్యం గానీ ఉండకూడదు, పుస్తకం వెల వెయ్యి రూపాయలు దాటితే మాత్రం విచారణ తప్పదు. అది కేంద్ర సంస్థలకు వర్తించే నియమం, మన బళ్లకు నేరుగా వర్తించదు. అయినా ప్రభుత్వ లెక్కల పుస్తకమే పుస్తక నష్టాన్ని ఒప్పుకుంటుందన్న విషయం టీచర్లకు చెప్పాలి. పిల్లల పుస్తకం వెల చాలా వరకు వంద రూపాయల లోపే. వాటికి తాళం వేసి కాపాడుతున్న ఆస్తి ఎంత, పోగొడుతున్న చదువు ఎంత?

శిక్షణ రోజు ఎలా ఉండాలో నాకు తోచింది చెబుతాను. ఉదయం గ్రంథాలయం బల్లల మీద ఓ నూరు పిల్లల పుస్తకాలు పరచాలి. ఉపన్యాసం వద్దు. ప్రతి టీచరూ తన తరగతిలో ఒక పిల్లను మనసులో పెట్టుకుని, పేరుతో సహా, ఆ పిల్లకు మూడు పుస్తకాలు ఏరాలి. ఎందుకు ఏరారో చెప్పాలి. అక్కడి నుంచి లైబ్రేరియన్ అందుకోవాలి: పేజీకి ఎన్ని లైన్లు ఉన్నాయి, అక్షరం ఎంత పెద్దది, సంయుక్తాక్షరాలు వాక్యవాక్యానికీ అడ్డం పడుతున్నాయా, కథ బొమ్మను చూసి ఊహించగలిగేలా ఉందా. రెండో తరగతి పిల్ల చదవలేని పుస్తకాన్ని టీచరు చదివి వినిపించవచ్చు. పిల్ల తానే చదివే పుస్తకం వేరు, విని ఆనందించే పుస్తకం వేరు. ఈ తేడా తెలిస్తే సగం పుస్తకాలు బీరువాలోంచి బయటికొస్తాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, ఒడిశా నుంచో బిహార్ నుంచో పనికొచ్చిన కుటుంబాల పిల్లలు విజయవాడ బళ్లలో ఉన్నారు. వారికి మాటలు లేని బొమ్మల కథలతో మొదలుపెట్టాలని చెప్పేవారు కావాలి. 2015లో మొదలైన పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి పంచడానికి లైసెన్సు అడ్డురాదు. ఈ సంగతి తెలియక గ్రాంటు చాలలేదనుకునే బళ్లు ఉన్నాయి.

మధ్యాహ్నం చేతిపని. నాలుగో తరగతి పిల్లలే నడిపేలా ఇష్యూ రిజిస్టరు, తేదీ, పుస్తకం నంబరు, పేరు, అంతే. పుస్తకాలను సబ్జెక్టు నంబర్లతో కాక కష్టాన్ని బట్టి రంగు స్టిక్కర్లతో విడదీయడం. చిరిగిన వీపు అతికించడం. బైండింగు చేసేవారు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతికి వచ్చే పుస్తకాల్లో వాడకూడదు. ఇలాంటివి ఏ ట్రైనింగు మాడ్యూలులోనూ దొరకవు, పుస్తకాల మధ్య పనిచేసినవారి దగ్గరే దొరుకుతాయి.

ఇదంతా అడగడానికి విజయవాడకు ఒక హక్కుంది. 1911లో రామమోహన గ్రంథాలయం ఇక్కడే వెలసింది. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందీ ఇక్కడే, అయ్యంకి వెంకట రమణయ్య గారి పూనికతో. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు 1935లో కాలువ పడవల మీద పుస్తకాలు పంపించారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలని అప్పటివారు నమ్మారు. వారి ఉద్యమం వల్లనే ఇవాళ మనం కట్టే ప్రతి రూపాయి ఆస్తి పన్ను మీద ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది. ఆ సెస్సు కట్టే తల్లిదండ్రుల పిల్లలే ఈ బళ్లలో ఉన్నారు.

ఇక అభ్యంతరాలు. లైబ్రేరియన్ పాఠం చెప్పడం నేర్చుకున్నవాడు కాదు కదా అంటారు. నిజమే, టీచరుకు పాఠం ఎలా చెప్పాలో నేర్పడం అతని పని కాదు. టీచరుకు పిల్ల తెలుసు, లైబ్రేరియన్‌కు పుస్తకం తెలుసు. ఆ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడమే ఈ శిక్షణ.

దీనికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. మన శాఖా గ్రంథాలయాల్లో చాలా పోస్టులు ఖాళీ. ఉన్నవారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకునేవారికి కుర్చీలు సర్దుతూ ఉన్నారు. ఆ యువతకు గ్రంథాలయం అవసరమే, కాదనను. కానీ పిల్లల విభాగం మూలకు చేరింది. పిల్లల పుస్తకాలు వరసపెట్టి చదివిన లైబ్రేరియన్లు ఎంతమంది దొరుకుతారన్నది న్యాయమైన ప్రశ్న. అందుకే ముందుగా ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఆసక్తి ఉన్న ఓ ఇరవై మందిని ఎంచి, వారికి పిల్లల సాహిత్యం మీద కొన్ని రోజులు కేటాయించాలి. టాటా ట్రస్టుల ‘పరాగ్’ నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సు లాంటి నమూనాలు ఉన్నాయి. కథ చదివి వినిపించడంలో చేయి తిరిగిన టీచర్లను వారికి పాఠం చెప్పడానికి పిలవాలి. రిటైరైన లైబ్రేరియన్లు చాలామంది ఉన్నారు, పిలిస్తే వస్తారు.

టీచరు నెత్తిన ఇంకో ట్రైనింగా అన్న విసుగు నాకు అర్థమవుతుంది. అందుకే అదనంగా వద్దు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ చెప్పింది. వాటిలో రెండు రోజులు ఇందుకు ఇవ్వాలి, ఫొటో తీసి యాప్‌లో ఎక్కించే షరతు లేకుండా. మొదటి రోజుకూ రెండో రోజుకూ మధ్య మూడు నెలలు ఎడం ఉండాలి. రెండో రోజు వచ్చేటప్పుడు టీచరు తన బడి ఇష్యూ రిజిస్టరు తీసుకురావాలి. ఏ పుస్తకాన్ని పిల్లలు మళ్లీ మళ్లీ తీసుకున్నారో, ఏది ఎవరూ ముట్టుకోలేదో చూసుకుని మాట్లాడుకుంటే అంతకు మించిన మాడ్యూలు ఉండదు.

మొదలుపెట్టడానికి సందర్భం కూడా సిద్ధంగా ఉంది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, క్విజ్, చిత్రలేఖనం పోటీలకు పిల్లల్ని వెంటబెట్టుకుని టీచర్లు శాఖా గ్రంథాలయానికి వస్తారు, బహుమతులు పంచాక వెళ్లిపోతారు. ఆ వారంలో ఒక్క రోజు టీచర్ల కోసం విడిగా పెట్టమని జిల్లా విద్యాధికారులు (డీఈఓలు), గ్రంథాలయ సంస్థలు కలిసి ఒక సర్క్యులరు ఇస్తే చాలు. అందులో మొదటి వాక్యంగా, పిల్లల వాడకంలో చిరిగిన లేదా పోయిన పుస్తకానికి టీచరు నుంచి రికవరీ ఉండదని రాయాలి.