లేచిపోవాలంటే ముందు లేవాలి

వెనకటికి లేచిపోవడం తేలిక. తెల్లారుజామున పల్లెవెలుగు ఎక్కి ద్వారకా తిరుమలలో దిగి, రెండు దండలు కొనుక్కుంటే మధ్యాహ్నం భోజనాల వేళకి పెళ్లయిపోయేది. సాయంత్రానికి ఇంట్లోవాళ్లు వెతుక్కుంటూ వచ్చి, కాసేపు తిట్టి, కాసేపు ఏడ్చి, అదే బస్సులో వెనక్కి తీసుకుపోయేవారు. మొత్తం ఖర్చు ఇవాళ్టి పెళ్లిలో ఐస్‌క్రీం కౌంటరుకి కూడా చాలదు.

ఇప్పుడు లేచిపోయేవాళ్లకి పెద్దల భయం లేదు. పెద్దలు ఎప్పుడో ఒప్పుకున్నారు, ఒప్పుకుని పద్దెనిమిది వందల మందిని పిలుద్దామంటున్నారు. భయమల్లా ఆ పద్దెనిమిది వందల మందీ, కల్యాణ మండపం, తలమీద తిరిగే డ్రోను, పెళ్లికూతురు నడిచొచ్చే దారిలో పొగ వదిలే యంత్రమూను. ఆ పొగ తప్పించుకోవడానికి గుంటూరు బ్రాడీపేట అబ్బాయి, బెజవాడ సత్యనారాయణపురం అమ్మాయి నిజం పొగమంచులోకే పోదామనుకున్నారనుకోండి. హిమాచల్ ప్రదేశ్‌లో, లాహౌల్ స్పితి జిల్లాలో, చంద్రతాల్ అని నీలంగా ఒక సరస్సుంది. ఫొటోల్లో దాని పక్కన ఎవ్వరూ ఉండరు.

“ఇద్దరమే. మనం, కొండ, అంతే” అంటుంది అమ్మాయి.

ఆ ‘ఇద్దరమే’ అన్నమాట పంచాంగం దగ్గరే పోతుంది.

చంద్రతాల్ సుమారు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. దానికి దారి ఏడాదిలో నాలుగు నెలలు తెరిచి ఉంటే గొప్ప. మామూలుగా జూన్‌లో మంచు తొలిచి రోడ్డు తీస్తారు, అక్టోబరులో మళ్లీ మూతపడుతుంది. ఇప్పుడు మన నెలలు లెక్కపెట్టండి. దారి తెరిచేసరికి జ్యేష్ఠం అయిపోవస్తుంది. తర్వాత ఆషాఢం. ఆషాఢంలో ఉన్న కోడల్నే పుట్టింటికి పంపేస్తాం, కొత్త పెళ్లెక్కడిది? శ్రావణంలో ముహూర్తాలు బోలెడు. కొండలో కష్టాలూ అప్పుడే బోలెడు. నిజానికి చంద్రతాల్ వానచాటు ప్రాంతం, సరస్సు దగ్గర మన కృష్ణా జిల్లా లాగా కుండపోత ఉండదు. ఆ కుండపోతంతా అక్కడికి పోయే దారిమీద, మండి, కుల్లూ వైపు పడుతుంది. కొండచరియ విరిగి రోడ్డుమీద పడితే బస్సు ముందుకీ పోదు, వెనక్కీ పోదు. ఆకాశం కడిగినట్టుండి, దారి ఆరి, క్యాంపులవాళ్లు ఇంకా గుడారాలు ఎత్తేయకుండా ఉండే మంచి కాలం సెప్టెంబరు. అంటే చాలా ఏళ్లు భాద్రపదం. శూన్యమాసం. అందులో రెండో సగం మహాలయ పక్షం.

“పితృపక్షంలో పెళ్లేంటి నాయనా? తద్దినాలు పెట్టుకునే రోజులవి” అంటారు పంతులుగారు ఫోన్లో.

“అక్కడ వాతావరణం అప్పుడే బాగుంటుందండీ.”

“పితృదేవతలకీ బాగుంటుంది. అందుకేగా వస్తారు.”

ఇక మిగిలింది ఆశ్వయుజం. దసరా దాటాక చూద్దామంటే రాత్రి నీళ్లు గడ్డకడతాయి, క్యాంపులవాళ్లు మూటలు కడుతుంటారు. ఎలాగో ఒకటో రెండో ముహూర్తాలు దొరుకుతాయి. దొరికినవి అలాగే పట్టుకుపోవడానికీ లేదు. బెజవాడ 80.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, చంద్రతాల్ 77.6 మీద. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 12 నిమిషాలు అక్కడే తేడా. అక్షాంశం పదహారున్నర నుంచి ముప్పై రెండున్నరకి పోతుంది కాబట్టి లగ్నాల నిడివి కూడా మారుతుంది. ఆ జిల్లా కేంద్రం కేలాంగ్ లెక్కకి మళ్లీ గుణించమని పంతులుగారిని అడగాలి. అడిగితే ఆయన గుణించి, “అబ్బాయ్, ఏ లగ్నమూ కుదరకపోతే మిట్టమధ్యాహ్నం అభిజిత్ ఉంది, దానికి దోషం లేదు” అంటారు. దోషం లేదు గాని గాలుంది. ఆ లోయల్లో పొద్దున్నే గాలి నిద్రపోతుంది, ఎండ ముదిరాక లేస్తుంది, మధ్యాహ్నానికి మబ్బుల్ని కూడా వెంటేసుకొస్తుంది. సరస్సులో కొండ నీడ అద్దంలా కనపడేది సూర్యోదయం నుంచి ఏ తొమ్మిది దాకానో. కాబట్టి కొండ పెట్టిన ముహూర్తం ఒక్కటే, తెల్లవారుజాము.

పంచాంగంతో ఈ గొడవెందుకు, రిజిస్టర్ పెళ్లి చేసుకుందాం అంటాడు అబ్బాయి. ప్రత్యేక వివాహ చట్టం, 1954 చదవకుండా అనే మాట అది. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి. అప్పుడు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసుని కార్యాలయంలో అందరికీ కనపడేచోట అంటిస్తారు. అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగుతారు. సరే, కేలాంగ్‌లో గది తీసుకుని నెలరోజులు ఉన్నారనుకుందాం. అసలు తమాషా ఆరో సెక్షన్లో ఉంది. శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే నోటీసు ప్రతి ఒకటి ఆ జిల్లా వివాహ అధికారికి పంపుతారు, ఆయనా దాన్ని తన కార్యాలయంలో అంటించాలి. అంటే రెండు వేల పైచిలుకు కిలోమీటర్లు పారిపోయి ఇచ్చిన కాగితం బుద్ధిగా గుంటూరు వచ్చి గోడెక్కుతుంది. ఆ గోడ కింద, స్థలం రిజిస్ట్రేషన్‌కి వచ్చి వరస కోసం చూస్తూ, ఏమీ తోచక గోడమీదున్నవన్నీ చదువుతూ, ఒక బాబాయి తప్పకుండా ఉంటాడు.

“ఏందన్నయ్యా, మనోడి పేరు బోర్డుమీద కనపడతంది? కేలాంగ్ అంటే ఏడుందిరా అది?”

అంచేత తెలిసినవాళ్లు చేసే పని వేరు. హిందూ వివాహ చట్టం, 1955కి ముందస్తు నోటీసు అక్కర్లేదు. కొండమీద సంప్రదాయం ప్రకారం పెళ్లి చేసుకుని, ఇంటికొచ్చాక రిజిస్టర్ చేయించుకుంటారు. ముగ్గురు సాక్షులు కావాలి, పెళ్లి ఫొటో కావాలి, వయసుకీ చిరునామాకీ రుజువులు కావాలి. శుభలేఖ ఏదీ అని కూడా మామూలుగా అడుగుతారు. లేచిపోయినవాళ్లు శుభలేఖ అచ్చు వేయించుకోవాల్సి రావడం కలికాలం.

లెక్క చూసుకుంటే, ఇద్దరికి పంతులుగారు ఒకరు, సాక్షులు ముగ్గురు, ఫొటోలు తీసే అబ్బాయి, వాడి గొడుగు పట్టుకునే ఇంకో అబ్బాయి. ఎనిమిది మంది. డ్రైవరు కాక. మనాలీలో చిన్న కారు మాట్లాడదామనుకున్నది టెంపో ట్రావెలర్ అయింది.

రహస్యం ఎక్కడ బయటపడుతుందో కూడా చెప్పుకోవాలి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తీస్తారు, 2024 నవంబరు దాకా 120 రోజులుండేది. 60వ రోజు పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే ఎనిమిది బెర్తులు దొరకొచ్చు. కాకపోతే ఆ ఖాతా నాన్నగారి ఫోన్ నంబరు మీద ఉంటుంది. బెర్తులతో, పేర్లతో సహా మెసేజ్ ఆయనకే పోతుంది. ఇది తప్పించుకున్నా బీసెంట్ రోడ్డు తప్పదు. ఆగస్టు ఉక్కలో, చెమట తుడుచుకుంటూ, లోపల వేసుకునే ఉన్ని బనీన్లు నాలుగు జతలు అడిగిన అమ్మాయిని షాపాయన ఊరికే వదలడు. “ఎవరికమ్మా, అమర్‌నాథ్ యాత్రా? నాన్నగారికేనా?” అని ఆరా తీసి, నాన్నగారు కనపడ్డప్పుడు యాత్ర ఎలా జరిగిందని అడుగుతాడు.

ఇక ఎత్తు సంగతి. మంగళగిరి కొండ ఆగకుండా ఎక్కాం, ఇంద్రకీలాద్రి మెట్లు లెక్కేకాదు అనుకునేవాళ్లే ముందు పడతారు. కండబలానికీ, ఎత్తుకి పోతే వచ్చే ఈ జబ్బుకీ సంబంధం లేదు. గుంటూరు సముద్రమట్టానికి 30 మీటర్ల చిల్లర. 4,250 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉన్నదాంట్లో అరవై శాతం. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్ల కంటే పెంచొద్దని వైద్యులు చెప్పే నియమం. మనాలీ 2,050, అటల్ సొరంగం దాటగానే సిస్సు 3,100, అక్కణ్ణుంచి చంద్రతాల్‌కి ఒకేసారి వెయ్యి మీటర్ల పైన ఎగురు. అందుకే తొందర లేనివాళ్లు సిమ్లా, కిన్నౌర్, కాజా మీదుగా నెమ్మదిగా ఎక్కి, కుంజుమ్ కనుమ దాటి చంద్రతాల్‌కి దిగుతారు. తొందరున్నవాళ్లు డాక్టర్ని అడిగి, ఆ జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ బిళ్లలు వేసుకుంటారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ బిళ్ల వేసుకుంటే మాటిమాటికీ బయటికి పోవాల్సొస్తుంది, బయట మంచు.

ఇందులో చిక్కేమిటంటే తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం ఈ జబ్బు లక్షణాలు. పెళ్లికి ముందురోజు పెళ్లికొడుక్కి ఇవన్నీ మామూలుగానే ఉంటాయి. తేడా తెలుసుకోవాలంటే గీత గీసినట్టు నాలుగడుగులు నడిపించండి. తూలినా, కూర్చున్నచోటే ఆయాసపడినా అది పెళ్లి బెంగ కాదు, ఎంత రాత్రయినా వెంటనే కిందికి దింపాలి. ఫోన్లో సలహా అడుగుదామంటే సిగ్నల్ ఉండదు. శాటిలైట్ ఫోన్ తెప్పిద్దామనే బావగారు ఒకరుంటారు, అనుమతి లేకుండా అది దగ్గర పెట్టుకోవడం మన దేశంలో నేరమని ఆయనకి ముందే చెప్పండి.

సరే, చేరారు. సరస్సు ఒడ్డున గుడారాలు వేయనివ్వరు, అది అభయారణ్యం, 2005 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపున్న చిత్తడి నేల కూడా. క్యాంపులు కొంచెం దూరంలో ఉంటాయి. అక్కడ అమ్మగారి చాటుగా సర్దుకొచ్చిన సామాను విప్పుతారు. కందిపొడి పొట్లాలు పండక్కొచ్చిన అల్లుళ్లలా ఉబ్బి ఉంటాయి. బయట ఒత్తిడి తగ్గింది, లోపల మాత్రం ఇంకా గుంటూరు గాలే. ఆవకాయ సీసా మూత మెల్లగా, గుడ్డ కప్పి తిప్పాలి. అమ్మాయి ఒక్క ఊపున తిప్పుతుంది. బుస్సుమని నూనె లేచి పట్టుచీర కుచ్చిళ్ల మీద, మూడు వేళ్ల వెడల్పున. ఆ మరక మీద నీళ్లు పోయకూడదు, ముందు పౌడరు చల్లాలి. పౌడరు డబ్బా కూడా మూత తీయగానే బుస్సుమంటుంది.

అన్నం సంగతి అడక్కండి. అక్కడ నీళ్లు సుమారు 86 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే కందిపప్పు తెల్లారేదాకా పలుకే.

నెయ్యి రాయి. కొబ్బరినూనె కూడా రాయే. ముందురోజు నూరిన జీలకర్ర-బెల్లం పొద్దున్నకి ఇటుక, దాన్ని నెత్తిన పెడితే తల బొప్పి కడుతుంది. తమలపాకులు నల్లబడతాయి. కెమెరా బ్యాటరీలు చలికి సగం చచ్చిపోతాయి. వీటన్నిటికీ మందు ఒకటే, రాత్రి ఒంటివేడికి పక్కలో పెట్టుకుని పడుకోవడం. నేతిసీసా, బెల్లం ముద్ద, తమలపాకుల పొట్లం, ఆరు బ్యాటరీలు, మంచినీళ్ల సీసా, రెండు ఫోన్లు స్లీపింగ్ బ్యాగులో పడుకున్నాక పెళ్లికొడుక్కి ఒక కాలికి చోటు మిగులుతుంది.

తలంబ్రాలు వద్దనడమే మంచిది. అడవి పక్షులకి పసుపు బియ్యం మన సంప్రదాయం కాదు. గాలి లేచాక పోసినా పెళ్లికూతురి నెత్తిన ఒక్క గింజ పడదు. నూలు పంచె కింద ఉన్ని లాగు తప్పదు. హోమానికి క్యాంపువాళ్లని ముందే అడిగి, చిన్న ఇనప కుంపటి వాళ్లు చూపించినచోటే పెట్టుకోవాలి. సప్తపది మాత్రం తొందరపడకండి, అడుగుకీ అడుగుకీ మధ్య మూడు ఊపిర్లు. ఏడో అడుగు పడితేనే చట్టం ప్రకారం పెళ్లి పూర్తయినట్టు. నాలుగో అడుగు దగ్గర ఆయాసమొచ్చి కూలబడితే ఇంకా ఎవరికెవరూ ఏమీ కారు.

రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. 2023 జులైలో, నడివేసవి అనుకున్న నెలలో, మంచు కురిసి చంద్రతాల్ దగ్గర రెండొందల మందికి పైగా చిక్కుకుపోయారు. ఏదైనా తేడా వస్తే సిస్సులోనే కానిచ్చేయండి, అక్కడా కొండలున్నాయి. తిరుగు ప్రయాణం కూడా పొద్దున్నే. మనాలీ వైపు పోయే గ్రాంఫూ దారిలో వాగులు పొద్దున పిల్లకాలువల్లా ఉంటాయి. ఎండెక్కేకొద్దీ పైన మంచు కరిగి, మధ్యాహ్నానికి చక్రాలు మునిగే నీళ్లు. అన్నిటికీ ఒకటే మంత్రం, నాలుగింటికి లేవాలి.

ముహూర్తం 5 గంటల 48 నిమిషాలకి. చీకట్లో నలుగురు లేచారు. పంతులుగారు కోతిటోపీ మీద కండువా చుట్టి, సొంత నేతిసీసా చంకలో పెట్టుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నారు. సరస్సు అద్దంలా ఉందని ఫొటో అబ్బాయి పరుగెత్తుకొచ్చి చెప్పాడు, చెప్పి పది నిమిషాలు రొప్పాడు.

“అమ్మాయీ, లగ్నం వెళ్లిపోతోంది తల్లీ!”

గుడారం లోపల్నించి జిప్పు సగం లాగిన చప్పుడు. మళ్లీ మూసిన చప్పుడు.

“ఇంకో ఐదు నిమిషాలండీ, ప్లీజ్.”

“అబ్బాయి లేచాడా?”

“జిప్పు పట్టేసిందండీ” అంది పక్క గుడారం, చాలా సేపటికి.

వంటాయన ఇత్తడి గ్లాసులో టీ తెచ్చిచ్చాడు. పంతులుగారు ఒక గుక్క తాగి, ఇది మరిగిందా లేదా అన్నట్టు గ్లాసులోకి చూసి, పంచాంగంలో వేలు పెట్టి పేజీ తిప్పారు.

“పర్లేదులే, పడుకోండి. అభిజిత్ ఉందిగా” అన్నారు. కండువా కొస మెల్లగా లేచింది.