"దేవుని చిత్తం" అనే మాట ఎవరి నోట రావాలి?

ఆమధ్య సింగరాయకొండ దగ్గర హైవే మీద మా పెదనాన్న కొడుకు చనిపోయాడు. రాత్రి పూట రోడ్డు మీదే లారీ ఆపేసి ఉంది, వెనక రెడ్ లైట్ లేదు, కనీసం ఒక చెట్టుకొమ్మ కూడా అడ్డం పెట్టలేదు, బైక్ నేరుగా వెళ్లి గుద్దుకుంది. ఆదరణ కూడికలో వాక్యం చెప్పిన అయ్యగారు గంటసేపు ఒకటే మాట, ఇది దేవుని చిత్తం, ఆయన సెలవు లేకుండా పిచ్చుక కూడా నేల మీద పడదు అని. సరే, ఏడుస్తున్న ఇంటికి ఏదో ఒక ఓదార్పు కావాలి కదా అని నేనేమీ అనలేదు. కానీ కొన్ని రోజులకి మా వదిన నష్టపరిహారం కోసం క్లెయిమ్ కేసు వేస్తానంటే అదే సంఘం నుంచి ఇద్దరు పెద్దలు ఇంటికొచ్చి, "దేవుడు తీసుకున్న మనిషి కోసం కోర్టుకెట్టా పోతావమ్మా, ఆయన చిత్తాన్ని ప్రశ్నించినట్టు కాదా" అన్నారు. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు నిద్ర లేదు, అందుకే ఇది రాస్తున్నా.

తొలినాళ్ల క్రైస్తవ బోధకులు అగస్టీన్, పెలాగియస్ గొడవ దగ్గర్నుంచి 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డార్ట్ సంఘ సభ దాకా, అక్కడ్నుంచి ఇప్పుడు యూట్యూబ్‌లో మన తెలుగు పాస్టర్ల కాల్విన్ (అంతా దేవుని నిర్ణయమే అనే పక్షం), ఆర్మీనియస్ (మనిషి ఎంపికకి చోటిచ్చే పక్షం) డిబేట్ల దాకా ఈ వాదన అందరికీ తెలిసిందే. దేవుడు సార్వభౌముడైతే మనిషికి స్వచిత్తం ఎక్కడిది, స్వచిత్తం ఉంటే దేవుడు సార్వభౌముడెట్టా అవుతాడు, రెండూ ఉంటే మరి కీడు ఎవరి ఖాతాలో వేయాలి. నేను ఆ లెక్క తేల్చడానికి కూర్చోలేదు. బాప్టిస్టు ఇంట్లో పుట్టినోణ్ణి, దేవుని సార్వభౌమత్వాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతా. నేను అడిగేది ఒకటే, ఆ మాట ఎవరు అనాలి, ఎప్పుడు అనాలి?

ఈ విషయంలో అందరూ ఎత్తిచూపే వచనం ఆదికాండం 50:20. యోసేపు అన్నలతో అంటాడు, మీరు నాకు కీడు చేయాలని ఉద్దేశించారు, దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడు అని. తెలుగు బైబిల్లో కూడా రెండు చోట్లా "ఉద్దేశించు" అనే మాటే ఉంది, అంటే ఒకే పని వెనక రెండు ఉద్దేశాలున్నాయి, ఒకటి మనుషులది, ఒకటి దేవుడిది. ఇక్కడిదాకా అన్ని ప్రసంగాల్లోనూ వింటాం. కానీ ఆ మాట అన్నది ఎవరు? గుంటలో పడినోడు, ఇరవై వెండి నాణేలకి అమ్ముడుపోయినోడు, చేయని తప్పుకి జైల్లో మగ్గినోడు. అన్నలు కాదు! గుంట పక్కన కూర్చుని అన్నం తింటూ "ఇదంతా దేవుని చిత్తంలే, తమ్ముడు ఐగుప్తుకి పోతే మంచిదేగా" అని వాళ్లు అనుకుని ఉంటే అది విశ్వాసమా, దైవదూషణా? మాట అదే, నోరు మారితే అర్థం మొత్తం తిరగబడిపోతుంది.

ఇంకొంచెం లోపలికెళ్లి ఆ కథ నడిచిన వరుస చూడండి, నాకు ఒళ్లు జలదరించేది అక్కడే. తమ్ముణ్ణి అమ్మేద్దామన్న ఐడియా ఇచ్చింది యూదా, అప్పటికి యోసేపుకి పదిహేడేళ్లు. ఏళ్ల తర్వాత కరువులో ధాన్యానికొచ్చి చిక్కుల్లో పడ్డప్పుడు, ఎదురుగా ఉన్న ఐగుప్తు అధికారి తమ్ముడేనని తెలియకుండానే ఆ అన్నలు ఒకళ్లతో ఒకళ్లు చెప్పుకుంటారు, మనం మన తమ్ముడి విషయంలో అపరాధులం, వాడు బతిమాలుతుంటే వాడి వేదన చూసి కూడా వినలేదు అని. అది 42వ అధ్యాయం. 44లో అదే యూదా, చిన్నోడు బెన్యామీనుని వదిలేయండి, వాడి బదులు నేను దాసుడిగా ఉంటా అని నిలబడతాడు. ఆ తర్వాతే, 45లో, యోసేపు భోరున ఏడ్చి "నన్ను ఇక్కడికి పంపింది దేవుడే" అంటాడు. అప్పటికి యోసేపుకి దాదాపు ముప్పై తొమ్మిదేళ్లు, అంటే అమ్మేసిన రోజుకీ ఆ మాటకీ మధ్య ఇరవై రెండేళ్లు. ముందు తప్పు ఒప్పుకోలు, తర్వాత తప్పు చేసినోడే మూల్యం చెల్లించడానికి ముందుకు రావడం, ఆ తర్వాత దెబ్బ తిన్నోడి నోట దేవుని ఉద్దేశం. ఈ వరుస తలకిందులు చేసి, చనిపోయి నెల కాకముందే, లారీ ఎవరిదో కూడా అడక్కముందే, విధవరాలికి చివరి మాట ముందు చెప్పేస్తే అది ఓదార్పు కాదు, నోరు మూయించడం.

దీనికి జవాబుగా చెప్పేది నాకు తెలుసు. దేవుడి చేతి బయట ఏదైనా జరిగిందంటే ఆయన దేవుడే కాడు, అట్టాంటి దేవుణ్ణి నమ్మి ఏం లాభం, అర్థం లేని చావు కన్నా అర్థం ఉన్న చావే ఆదరణ అని. నిజంగా బలమైన మాటే, మా వదిన కూడా ఆ నమ్మకం మీదే నిలబడి ఉంది. కానీ ఆ పక్షం వాళ్లు ఎంతో గౌరవించే 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రకటన కూడా, జరిగేదంతా దేవుడు నిర్ణయించాడని చెప్పిన ఆ వాక్యంలోనే, దానివల్ల దేవుడు పాపానికి కర్త కాడనీ, మనిషి చిత్తం మీద బలవంతం లేదనీ తేల్చి చెప్పింది. అంటే పక్కా కాల్వినిస్టు లెక్కలో కూడా లైట్ పెట్టనోడు లైట్ పెట్టనోడే, బాధ్యత ఎక్కడికీ పోదు. సిలోయము గోపురం కూలి చచ్చిపోయిన పద్దెనిమిది మంది సంగతి యేసే ఎత్తినప్పుడు కూడా ఆయన వాళ్లేమీ మిగతావాళ్లకన్నా పాపులు కాదన్నాడు, వింటున్నోళ్లని మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. చచ్చినోళ్ల లెక్క చూడకుండా బతికున్నోళ్ల బాధ్యత గుర్తుచేశాడు.

మన ప్రాంతానికి ఇది కొత్త పాఠం కాదు. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు, గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. ఆ రోజు ప్రాణాలు దక్కించుకుని చీరాలకి చేరినోళ్లు దేవుని చిత్తం అని ఊరుకుని ఉంటే 2008లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదా? ఇరవై మూడేళ్లు కోర్టుల చుట్టూ తిరగడం అవిశ్వాసం అని అనే ధైర్యం ఎవరికుంది?

ఇంకా వెనక్కి వెళ్దాం, 1876-78 కరువుకి. అప్పుడు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. వాన పడకపోవడం మనుషుల చేతిలో లేదు, నిజమే. కానీ జనం చస్తుంటే ధాన్యం ఓడలెక్కి పోయింది, 1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు చేసుకున్నాడు, కరువు పనిలో రోజంతా చెమటోడ్చిన మగమనిషికి ఒక పౌను (అరకిలో కన్నా తక్కువ) ధాన్యం విలువా పైన ఒక అణా చాలని, కరువు చూడ్డానికి ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ దొర తేల్చాడు. వాన ఆగింది పైనుంచి, చావులు వచ్చింది ఆఫీసుల నుంచి. ఆ టైంలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఏం చేశాడు? బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకి పైగా కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి ఇచ్చాడు. కూడు కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం. మా సంఘాల్లో ఆ అంకె చెప్పని వార్షికోత్సవం ఉండదు, కానీ అంకెకి ముందున్న కాలువ మాత్రం ఎవరూ చెప్పరు. ముందు పార, తర్వాత నీళ్లలో ముంచడం, ఇక్కడ కూడా వరుస అదే!

అసలు నా బాధంతా ఇక్కడే ఉంది. మన సంఘాలు స్వచిత్తం గురించి మాట్లాడేది తాగుడు, సినిమా, పక్కింటి అమ్మాయి విషయంలోనే. కనిగిరి వైపు పల్లెల్లో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టి, పెద్దోళ్ల నడుములు వంగిపోతే మాత్రం అది "దేవుడిచ్చిన నేల"! రాతిలో ఫ్లోరైడ్ పెట్టింది దేవుడే అంటారా, ఒప్పుకుంటా. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ నీటి ప్రాజెక్టు కోసం ఒక తరం మొత్తం ఎదురుచూసేట్టు చేసింది ఎవరు, అది కూడా ఆయనేనా? ఆ పల్లెల్లో ప్రతి ఆదివారం జీవజలం మీద ప్రసంగాలు జరుగుతాయి, ఆ గుడి ముందు బోరు నీళ్లు టెస్ట్ చేయించి ఆ రిపోర్టు పట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్లే సంఘాలు ఎన్ని ఉన్నాయి? యోబు స్నేహితులు కూడా దేవుణ్ణి వెనకేసుకొచ్చే మాటలే మాట్లాడారు, చివరికి ఆయన కోపం వాళ్ల మీదే మండింది, దేవుణ్ణి నిలదీసిన యోబే సరిగ్గా మాట్లాడాడని ఆయనే అన్నాడు.

మా వదిన కేసు వేసింది. మొదటి వాయిదాకి నేనే ఒంగోలు తోడెళ్తున్నా. ఆదివారం ప్రార్థన అంశాల చీటీలో ఆ వాయిదా తేదీ రాసి, పేరు పెట్టి గట్టిగా చదవమని అయ్యగారి చేతికే ఇచ్చి వచ్చాం.