మూతపడ్డ వైన్ షాపులో మిగిలిన సరుకు

లైసెన్స్ గడువు తీరిన రాత్రి షట్టర్ దించేస్తారు. లోపల సరుకు మాత్రం అలాగే ఉంటుంది. 48 క్వార్టర్ల విస్కీ పెట్టెలు, వాటి పక్కన బీరు కేసులు గోడ వారగా పేర్చి ఉంటాయి. అన్నీ పన్ను కట్టి ప్రభుత్వ మద్యం డిపో నుంచి తెచ్చినవే. అయినా తెల్లారాక వాటిలో ఒక్క సీసా అమ్మినా నేరమే.

2024 అక్టోబరులో లాటరీ తీసి ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం షాపులను ప్రైవేటువారికి ఇచ్చారు. 2026 సెప్టెంబరు 30తో ఆ గడువు తీరుతుంది. మధ్యలో భాగస్వాములు విడిపోయినా, లైసెన్సుదారు చనిపోయినా, షాపు వేరొకరి చేతికి వెళ్లినా ఇదే చిక్కు.

మన గోదావరి డెల్టాలో ఇది మరీ ముదురుతుంది. అమ్ముకోలేని సరుకు రాత్రికి రాత్రే పడవెక్కి లంక ఊరి బెల్టు షాపుకి చేరడం ఎంతసేపు? పక్కనే యానాం ఉంది. పుదుచ్చేరి పాలన కాబట్టి అక్కడ పన్ను తక్కువ, ధరా తక్కువే. పాత షాపు సరుకు పేరుతో యానాం సీసాలు నాలుగు కలిపేస్తే కొనేవాడికి తేడా తెలియదు.

నష్టపోయేది ఎక్కువగా చిన్నవాళ్లే. గీత కులాలకు కేటాయించిన షాపుల్లో ఒకటి దక్కించుకుని, అప్పు చేసి సరుకు నింపిన కుటుంబాన్నే తీసుకోండి. బీరు సుమారు ఆరు నెలలే నిలవ ఉంటుంది. మిగిలిన సరుకు ఫైలు ఏదో ఆఫీసు టేబుల్ మీద ఆగితే సరుకు పాడవుతుంది, వడ్డీ మాత్రం ఆగదు. గది అద్దె సరేసరి.

అందుకే మేం గట్టిగా కోరుతున్నాం. షాపు మూసిన రోజే ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ ఎదుట పాత, కొత్త లైసెన్సుదారులు ప్రతి సీసా లేబుల్‌నూ స్కాన్ చేసి లెక్క రాయాలి. కొత్తవారు తీసుకుంటామంటే డిపో ధరకే ఇవ్వాలి. వద్దంటే, విప్పని పెట్టెలను డిపోలు నడిపే ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ వెనక్కి తీసుకుని వారంలో డబ్బు చెల్లించాలి. గడువు దాటిన బీరును సాక్షుల ముందు పారబోయాలి. పర్మిట్ కాగితం లేకుండా ఒక్క పెట్టె కూడా గుమ్మం దాటకూడదు.

ఇదంతా తెలుగులో, ప్రతి షాపుకీ రాతపూర్వకంగా అందాలి. అదీ సెప్టెంబరు ఆఖరి వారంలో కాదు, జులైలోనే. అప్పుడే షాపులవాళ్లు డిపోకి పెట్టే ఇండెంట్లు (సరుకు ఆర్డర్లు) ముందుగా తగ్గించుకోగలరు.