చుక్కల సూటు తనంతట తాను నటించదు

మా బరంపురం తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. "మోషన్ క్యాప్చర్‌లో నటుడు చేసేదేమీ లేదు. చుక్కల సూటు వేసుకుని అటూ ఇటూ తిరిగితే చాలు, అంతా కంప్యూటరే. ఆండీ సెర్కిస్‌కి పేరొచ్చింది గొంతు వల్ల. అది నటనే అయితే ఆస్కార్ ఏది?" మోషన్ క్యాప్చర్ అంటే నటుడి కదలికల్ని పట్టి తెర మీది కంప్యూటర్ పాత్రకి ఇవ్వడం; సెర్కిస్ ఆ పద్ధతిలో పేరొందిన నటుడు. మా పెదనాన్న దీనికి బొటనవేలు బొమ్మ కూడా పెట్టారు. ఇక ఊరుకోలేకపోయాను.

అంతా కంప్యూటరేనట. సూటు మీది గుర్తుల్ని చుట్టూ ఉన్న కెమెరాలు పట్టి, ఏ కీలు ఏ క్షణాన ఎక్కడుందో నమోదు చేస్తాయి. భుజం ఎందుకు కుంగిందో వాటికేం తెలుసు? ఫార్వర్డ్‌లో పావలా నిజం మాత్రం ఉంది. 2002లో వచ్చిన 'ద టూ టవర్స్'లో సెర్కిస్ వేసిన గోలమ్ అనే వింతజీవి ముఖాన్ని చాలావరకు వేటా డిజిటల్ అనే గ్రాఫిక్స్ సంస్థ యానిమేటర్లే కదిలించారు. అయితే ఎదురుగా సెర్కిస్ ముఖాన్ని పెట్టుకుని చేశారు. ఆయన ముఖం మీదే గుర్తులు అతికించి కదలికలు పట్టడం 2005 నాటి 'కింగ్ కాంగ్'లో చూస్తాం.

గొంతు సంగతంటారా, గోలమ్‌కి ముందు పిలిచింది గొంతు కోసమే. కానీ ఆయనే వేసిన గొరిల్లా కాంగ్ ఒక్క మాటా మాట్లాడడు. 2011 నాటి 'రైజ్ ఆఫ్ ద ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్'లో ఆయన వేసిన చింపాంజీ సీజర్ సగం దాటాక గానీ నోరు విప్పడు.

అటూ ఇటూ తిరగడం అన్నారే, దాని దగ్గరే నాకు ఒళ్లు మండింది. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రలో పులివేషాలు చూస్తూ పెరిగినవాళ్లం మనం! మా వీధిలో ఒక పెద్దాయన ఓసారి రంగు పూయకముందే, లుంగీలోనే, పిల్లలకి నడిచి చూపించారు. మడమ నేలకి ఆనలేదు. నడుము వదులు చేసి, ఒక భుజం దించి, మెడ కదపకుండా కళ్లు మాత్రం తిప్పారు. నా పక్కనున్న పిల్ల గోడకి అతుక్కుపోయింది. అవే పసుపు, నల్లచారలు వాళ్లబ్బాయి పూసుకున్నప్పుడు మేం "ఏరా బుజ్జీ, టీ తాగావా?" అని అడిగాం.

సెర్కిస్ కాంగ్ కోసం రువాండా వెళ్లి కొండ గొరిల్లాల్ని గమనించాడు. సీజర్‌కి చేతులు పొడవయ్యేలా ఊతకర్రల్లాంటివి తగిలించుకుని నాలుగు కాళ్ల నడక సాధన చేశాడు. ఇదంతా కంప్యూటర్ కోసమా?

ఇక ఆస్కార్. 'ద టూ టవర్స్'కి విజువల్ ఎఫెక్ట్స్‌లో వచ్చింది, సెర్కిస్‌కి నటనలో నామినేషన్ కూడా రాలేదు. సీజర్‌కి ఇప్పించాలని స్టూడియో ప్రచారం చేసినా దక్కలేదు. పద్మశ్రీ కూడా రాని ఎస్వీ రంగారావు పేరెత్తితే మా పెదనాన్న కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, ఆ బొటనవేలు తీసేస్తారా లేదా అని అడుగుతాను.