మహారాజశ్రీ ఒక కిలోమీటరు గారికి

విజయవాడ కొండవాలు ఇళ్ల నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది మొదలు తమ వైభవం చూస్తూనే ఉన్నాం. ఒకటి నుంచి ఐదు చదివేవాళ్లకు బడి ఇంటి నుంచి తమరంత దూరంలోపే ఉండాలి. ఆరు నుంచి ఎనిమిదికి తమరు మూడింతలు కావచ్చు. కాగితం మీద బుద్ధిగా పడుకునే తమరు విద్యాధరపురంలోనో గుణదలలోనో మెట్లై నిలువుగా లేస్తారు. ఇంకోచోట కాలవ అవతలే బడి కనిపిస్తుంది, వంతెన మాత్రం ఎక్కడో ఉంటుంది. ఆ చుట్టుతిరుగుడు ఎవరి ఖాతాలో రాస్తారు?

ఐదో తరగతి అయ్యాక అన్నకు సైకిలు వస్తుంది. చెల్లెలి వంతు వచ్చేసరికి ఇంట్లోవాళ్లకు హైవే గుర్తొస్తుంది.

హైవే లేకపోయినా ఉదయం తొమ్మిది గంటల చిక్కుంది. అమ్మ తెల్లారేసరికి పాచిపనికి దిగిపోతుంది. కింది కొళాయి నుంచి బిందెలు మోసేది, తమ్ముడికి అన్నం పెట్టేది ఏడో తరగతి పిల్లే. వాణ్ని దించాల్సిన అంగన్‌వాడీ తలుపు తీసేది తొమ్మిదింటికి. బడి గంట కొట్టేదీ తొమ్మిదింటికే. ఒకే సమయానికి రెండు చోట్ల ఉండటం ఆ పిల్లకు ఇంకా నేర్పలేదు, సిలబస్‌లో పెట్టించండి. రెండ్రోజులు ఆలస్యమై చీవాట్లు తింటుంది, మూడోరోజు మెట్లే దిగదు. ‘చదువు మీద ఆసక్తి లేదు’ అని రాసేస్తారు. అంగన్‌వాడీ అరగంట ముందు తెరిస్తే ఆసక్తి దానంతటదే పుట్టుకొస్తుంది!

పటమట అపార్టుమెంట్ల దగ్గర తమకు ఈ పెత్తనం లేదు. పసుపు బస్సు గేటు ముందే ఆగుతుంది. తమలాంటివాళ్లు పదిహేనుమంది వరసకట్టినా కుర్రాడు కునికిపాట్లు పడుతూనే దాటేస్తాడు.

ప్రైవేటు బడుల్లో పేదలకు 25 శాతం సీట్లున్నాయిగా అంటారేమో. దానికి చిరునామా రుజువు కావాలి. అద్దె చీటీ రాసివ్వమంటే ఓనరు మొహం తిప్పుకుంటాడు, ఆధార్‌లోనేమో సొంతూరు. ఆ కార్డు లెక్కన బడికీ ఇంటికీ మధ్య తమరు నూట యాభైమంది.

గుంటూరు వైపు సంగతి వేరు. సంక్రాంతి దాటాక కర్నూలు వైపు ఆదోని, కోసిగి నుంచి మిరపకోతకు కుటుంబాలు దిగుతాయి. పిల్ల పేరు అక్కడి రిజిస్టరులో, వేళ్లు ఇక్కడి మిరపచెట్టు మీద. మధ్యలో తమరు మూడొందల పైచిలుకు. ఊళ్లో నాయనమ్మ ఉన్న పిల్ల, సీజనల్ హాస్టల్లో చోటు దొరికిన పిల్ల బడికి పోతారు. మిగిలినవాళ్లు పరీక్షల ముందే మాయమవుతారు. బడికెళ్లే పిల్లల తల్లికి సర్కారు డబ్బిచ్చే ‘తల్లికి వందనం’ పథకం అడిగే 75 శాతం హాజరు కూడా వాళ్లతోపాటే కోతకెళ్తుంది.

ఈసారి కొలతకు వస్తే ఉదయం ఆరింటికి కొళాయి దగ్గర నుంచి మొదలెట్టండి, చంకలో పిల్లాడితో. టేపు మేం తెస్తాం. జవాబు రాస్తే కింద కిరాణా కొట్టులో ఇచ్చిపొమ్మనండి, పోస్టుమ్యాన్ పైదాకా ఎక్కడు.

ఇట్లు,
మెట్ల మీది ఇళ్లవాళ్లు