40 శాతం లోపైతే క్లీనింగ్ అక్కర్లేదా?

చెన్నైలో డైవింగ్ చేసే మన తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నదిది: "నైట్రాక్స్‌లో ఆక్సిజన్ 40 శాతం దాటకపోతే ఆక్సిజన్ క్లీనింగ్ దండగ, షాపుల వాళ్లు డబ్బు గుంజే పద్ధతి. చేయించినా ఒక్కసారి చాలు. గ్రీజు ఏదైనా పర్లేదు." నైట్రాక్స్ అంటే మామూలు గాలికన్నా ఆక్సిజన్ ఎక్కువున్న డైవింగ్ గ్యాసు. ఆక్సిజన్ క్లీనింగ్ అంటే ఆ గ్యాసు తగిలే సిలిండర్, వాల్వ్ లాంటి భాగాల్లో మండే జిడ్డేదీ లేకుండా శుభ్రం చేయడం.

40 అన్న అంకె ఎవరో ఊహించి చెప్పింది కాదు. అమెరికాలో వృత్తి డైవర్లకు వర్తించే ఓషా (కార్మిక భద్రతా సంస్థ) నిబంధనల్లోనూ ఉంది: 40 శాతం మించిన మిశ్రమం తగిలే భాగాల్లో మండే పదార్థాలేవీ లేకుండా శుభ్రం చేయాలి. అయితే ఈ లెక్క మనం పీల్చే గ్యాసుకు కాదు, లోహానికి తగిలే గ్యాసుకు. ఫార్వర్డ్ రాసినాయన జారింది ఇక్కడే. పార్షియల్ ప్రెషర్ పద్ధతిలో ఖాళీ సిలిండర్‌లోకి ముందు స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎక్కిస్తారు, తర్వాత గాలి. 200 బార్ల 32 శాతం నైట్రాక్స్ కావాలంటే దాదాపు 28 బార్ల ఆక్సిజన్ ముందే లోపలికి వెళ్తుంది. అంటే ఆ కాసేపు వాల్వ్‌కూ సిలిండర్‌కూ తగిలేది 32 కాదు, 100 శాతం. అప్పుడు వాల్వ్ గబుక్కున తిప్పితే గ్యాసు ఒక్కసారిగా నొక్కుకుపోయి వేడెక్కుతుంది. అక్కడ కాస్త నూనె ఉన్నా అంటుకోవచ్చు. మెంబ్రేన్‌తోనో (గాలిలోంచి నైట్రోజన్‌ను వేరుచేసే పొర), కంప్రెసర్‌లోకి వెళ్లే ముందో కలిపి నింపే చోట ఈ బాధ లేదు.

పైగా 40 హద్దు అన్ని దేశాలదీ కాదు. యూరప్ ప్రమాణాల్లో 22 శాతం దాటితే చాలు, మామూలు గాలి వాల్వ్‌కు సరిపడని వేరే మర (ఎం26) ఉన్న వాల్వ్ వాడాలి.

"ఒక్కసారి చాలు" అన్నది మరీ అన్యాయం. మామూలు డైవింగ్ గాలిలో ఘనమీటరుకు 5 మిల్లీగ్రాముల దాకా నూనె ఉండొచ్చని అమెరికా గ్రేడ్-ఇ ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఆక్సిజన్‌తో కలిపే గాలికి పరిమితి 0.1. క్లీన్ చేసిన సిలిండర్‌ను ఒక్కసారి మామూలు కంప్రెసర్ దగ్గర నింపించారంటే స్టిక్కర్ ఉన్నా అది క్లీన్ కాదు.

గ్రీజు సంగతి: సిలికాన్ గ్రీజు ఆక్సిజన్‌లో మండుతుంది. వాడాల్సింది ఆక్సిజన్‌కు తట్టుకునే క్రిస్టోల్యూబ్, క్రైటాక్స్ రకం గ్రీజు. వైటాన్ అనే ప్రత్యేక రబ్బరు ఓ-రింగులు (గ్యాసు లీకవకుండా ఆపేవి) వేసి లోపలి జిడ్డు అలాగే వదిలేయడమూ క్లీనింగ్ కాదు.

డబ్బు గుంజడం మాటలో మాత్రం కాస్త నిజముంది. చెన్నై నుంచి సొంత రెగ్యులేటర్‌తో (సిలిండర్ గ్యాసును పీల్చుకునేలా అందించే పరికరం) అండమాన్ వెళ్లి, అక్కడ అద్దె సిలిండర్‌తో 32 శాతం పీల్చేవాళ్ల రెగ్యులేటర్‌కు తగిలేది అప్పటికే కలిసిన గ్యాసు. తయారీదారు మాన్యువల్ 40 దాకా సరేనంటే క్లీనింగ్ పేరుతో బిల్లు కట్టక్కర్లేదు. సొంత సిలిండర్ ఉన్నవాళ్లు మాత్రం నింపించే ముందే "ఎలా కలుపుతారన్నా?" అని షాపులో అడగాలి.