నాలుగు నిమ్మకాయలు, ఒక చిన్న బండి

ఆయుధ పూజ రోజు మన బెంగళూరు తెలుగు సంఘం హాలు ముందు జరిగింది చాలామంది చూశారు. నవ్వినవాళ్లలో మీరూ ఉండే ఉంటారు. ఉంటే తప్పేం లేదు, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా లోపల గుచ్చుతూనే ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

రానివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎప్పటిలాగే కార్లు, స్కూటర్లు, వంటవాళ్ల వ్యాను వరసగా నిలబెట్టారు. అరటి పిలకలు, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. వరస చివర రిమోట్‌తో నడిపే నా రేడియో కంట్రోల్ బండి పెట్టాను. మూరకు కాస్త ఎక్కువ పొడవుంటుంది. దాని పక్కన మా బ్లాకులో ఏడో తరగతి చదివే కుర్రాడు తన బండి పెట్టాడు. వాడిది నాదాంట్లో సగం కూడా ఉండదు, అరచేతిలో పడుతుంది. దాని చక్రాల కిందికని బుట్టంతా వెతికి గోళీలకంటే కొంచెం పెద్దవి నాలుగు నిమ్మకాయలు ఏరి తెచ్చాడు. పంతులుగారు మారుమాట లేకుండా రెండింటికీ కుంకుమ పెట్టి అక్షతలు వేశారు. మైకు పట్టుకున్న పెద్దాయన మాత్రం ఊరుకోలేదు. "మనవాడు ఇంకా బొమ్మలతోనే ఆడుకుంటున్నాడండోయ్! వచ్చే ఏడు లక్కపిడతలు కూడా కొనిపెడదాం" అన్నారు.

హాలంతా నవ్వు. యాభై దాటిన మనిషి అలాంటప్పుడు నవ్వకపోతే ఇంకా పరువు తక్కువ, అందుకని నేనూ నవ్వాను. కుర్రాడు నవ్వలేదు. వంగి తన బండి తీసుకుని, కుంకుమైనా తుడవకుండా స్కూలు బ్యాగులో కుక్కేశాడు. "అంకుల్, మీది కూడా తీసేద్దామా?" అన్నాడు. నిమ్మకాయలు నాలుగూ అక్కడే ఉండిపోయాయి. కాసేపటికి ఎవరిదో స్కూటర్ వాటి మీదుగా వెళ్లిపోయింది.

ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. మా నాన్న పోయిన రాత్రి కనిగిరికి అంబులెన్సు మాట్లాడి పెట్టింది ఆయనే. ఆయన అన్న మాట మనందరి నోట్లోనూ ఉన్నదే. "బొమ్మ" అని ఒక్క మాటలో తీసేస్తాం. కస్టమ్స్ వాళ్లకూ అది బొమ్మే అనుకోండి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. ఆ దెబ్బ తిన్నవాడిగా చెబుతున్నాను, ఇంత సుంకం కట్టాక కనీసం గౌరవంగానైనా చూడొచ్చు కదా!

ఇంతకీ అదేమిటంటే, క్రాలర్. పేరుకు తగ్గట్టు పాకుతుంది. రేసు కారులా దూసుకుపోదు, మనిషి నడకకంటే నెమ్మదిగా పోతుంది. రాళ్లగుట్ట మీద ఒక్కో చక్రం ఎక్కడ ఆనించాలో చూసుకుంటూ ఎక్కించడమే ఆటంతా. పోటీల్లో రెండు పుల్లలు పాతి, వాటి మధ్య నుంచి పోవాలంటారు. పుల్ల తగిలితే పాయింట్లు పడతాయి, తక్కువ పాయింట్లున్నవాడు గెలుస్తాడు. నాది ట్రాక్సస్ కంపెనీ 2017లో తెచ్చిన టీఆర్ఎక్స్-4, అసలు బండిలో పదో వంతు. మామూలు కారులో ఒక చక్రం గాల్లోకి లేస్తే అదే గిర్రున తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. దీంట్లో రిమోట్ మీద ఒక స్విచ్చి నొక్కితే రెండు చక్రాలూ ఇరుసుకు బిగుసుకుపోయి కలిసే తిరుగుతాయి. ఇరుసు కూడా చక్రం నడిమికి కాకుండా పైకెత్తి ఉంటుంది. చివర పళ్లచక్రాలు ఆ తిప్పుడును కిందికి దింపుతాయి. దాంతో బండి కడుపు రాయికి తగలదు. మా తాత ఎడ్లబండికి ఈ సదుపాయాలేవీ లేకపోయినా వాగు దాటేది, అది వేరే సంగతి.

తాత మాట వచ్చింది కాబట్టి ఒక పద్యం సంగతి చెప్పాలి. పోయిన ఉగాది పద్యాల పోటీలో మొదటి బహుమతి వచ్చిన పాప చదివిన పద్యాల్లో ఒకటి ఇరుసు, కందెన ఉన్న ఆ సుమతీ శతక పద్యం. మనమంతా చిన్నప్పుడు వల్లె వేసిందే. పాప యతి దగ్గర ఆగి, దీర్ఘం ఎక్కడ తీయాలో అక్కడ తీసి, ముత్యాల్లా చదివింది. కిందికి దిగాక "కందెన అంటే ఏంటమ్మా?" అని అడిగాను. వాళ్లమ్మ వైపు చూసింది. వాళ్లమ్మ వాళ్లాయన వైపు చూసింది. ఆయన ఒక పెద్ద ఐటీ కంపెనీలో డైరెక్టరు, ఫోను తీశాడు. తప్పు వాళ్లది కాదు. కందెన చూసినవాళ్లం మనలో ఎంతమందిమి ఉన్నాం? మా తాత బండి కింద వెదురు గొట్టం ఒకటి వేలాడుతుండేది. కాల్చిన గడ్డి మసి ఆముదంలో కలిపి అందులో పోసేవాడు. ఊరి బయట బండి ఆపి, శీల పీకి, చక్రాన్ని పక్కకు జరిపి, పుల్లతో ఆ నల్లటి ముద్ద ఇరుసుకు పూసేవాడు. నా చొక్కాకు అంటితే అమ్మ తిట్టేది నన్ను, తాతను కాదు.

ఆ కందెన వాసన మళ్లీ నా ముక్కుకు తగిలింది బెంగళూరులో, పన్నెండో అంతస్తు బాల్కనీలో. నవ్వకండి, నిజం.

ఆగస్టులో ఒక ఆదివారం. హొస్కోటె వైపు సగం వేసి వదిలేసిన లేఅవుట్ ఒకటుంది, అక్కడ గ్రానైట్ గుండ్లు పడి ఉంటాయి. పొద్దున ఆరింటికి వెళ్లి, ఎండ ముదరకముందే వచ్చేస్తాం. (లాల్‌బాగ్ గుట్ట మీద ఎందుకు నడపవని ఒకాయన అడిగారు. అది 300 కోట్ల ఏళ్ల నాటి రాయి, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. నడపనివ్వరు, నడపకూడదు కూడా.) ఆ రోజు ముందు రాత్రి వాన పడి గుంటల్లో నీళ్లు నిలిచాయి. నేను వద్దన్నా వినకుండా కుర్రాడు నా బండిని గుంటలోంచి నడిపాడు. ఇంటికొచ్చాక వెనక కుడి చక్రం దగ్గర గరగర. "విప్పుదాం అంకుల్" అన్నాడు వాడే.

మా ఆవిడ వాడడం మానేసిన ఇడ్లీ రేకు ఒకటి నా దగ్గరుంది. ఏ వరసలో విప్పిన స్క్రూ ఆ వరసలో ఒక్కో గుంటలో వేస్తూ పోవాలి, బిగించేటప్పుడు వెతుక్కునే పని లేదు. వాడు అలెన్ కీతో ఒక్కో స్క్రూ తీసి, చక్రం దగ్గరి చిన్న పెట్టె మూత తెరిచాడు. లోపల గ్రీజు ఉండాల్సిన చోట ఫిల్టర్ కాఫీ రంగు చిక్కటి నీళ్లు. బేరింగ్ తీసి రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పాడు. లోపలి కంత 5 మిల్లీమీటర్లు, బయట 11, మందం 4. అంత చిన్న వస్తువులో ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుంటే వేలికి తెలుస్తుంది, చూపుకు అందదు. వాడికి తెలిసింది. ముఖం చూస్తే నాకు తెలిసింది, వాడికి తెలిసిందని. సూదితో పక్కనున్న రబ్బరు బిళ్ల లేపి, స్పిరిట్‌తో కడిగి, ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాడు. మళ్లీ తిప్పాడు. ఈసారి చప్పుడు లేదు, ఆగకుండా తిరిగింది.

అప్పుడు చెప్పాను తాత కందెన సంగతి. "ఓ, ఆ పోయెమ్‌లో కందెన ఇదేనా?" అన్నాడు. నాలుగో తరగతిలో వాడూ అదే పద్యం చదివి కన్సొలేషన్ బహుమతి తెచ్చుకున్నాడట.

పనిలో పనిగా మోటారు కూడా సరిచేశాం. మోటారు పళ్లచక్రానికీ, అది తిప్పే పెద్దచక్రానికీ మధ్య సందు ఎంత ఉండాలన్నది పెద్ద టెన్షన్. బిగుతైతే మోటారు వేడెక్కి చస్తుంది, వదులైతే పళ్లు అరిగిపోతాయి. రెండింటి మధ్య ఒక కాగితం ముక్క పెట్టి, నొక్కి పట్టి బిగించి, కాగితం లాగేస్తే సరిగ్గా అంతే సందు మిగులుతుంది. నోటుబుక్కు కాగితం చాలు. మన సంఘం ఆహ్వాన పత్రికతో ప్రయత్నించాను, మరీ మందం. ఇనుముకూ ఇనుముకూ మధ్య స్క్రూ అయితే ఊడకుండా నీలం రంగు జిగురు చుక్క పెట్టాలి, ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూకి పెట్టకూడదు, ప్లాస్టిక్ పగిలిపోతుంది. ఇవన్నీ ఆ కుర్రాడికి ఇప్పుడు నాకంటే బాగా తెలుసు.

ఇక మనవాళ్ల సంగతి. కాస్త కటువుగానే ఉంటుంది, ముందు నాతోనే మొదలుపెడతాను. బీటెక్ మెకానికల్ చదివాను. మొదటి కారు కొన్న కొత్తలో కోలార్ రోడ్డు మీద పంక్చరైతే, స్పేర్ టైరు డిక్కీలో పెట్టుకుని, ఎవరైనా వస్తారని రెండు గంటలు నిలబడ్డాను. చివరికి లారీ డ్రైవరొకాయన దిగి మార్చాడు, చదివిందేంటని కూడా అడిగాడు. అబద్ధం చెప్పాను, బీకాం అని. చిన్నప్పుడు తాటిబుర్రలు రెండు ఎండబెట్టి, పుల్ల గుచ్చి, కవకర్ర కట్టి ఊరంతా తోలినవాణ్ణి. చదువు పెరిగేకొద్దీ చేతులు ఎక్కడ పోయాయో నాకు తెలియలేదు. మన ఇళ్లలో స్క్రూడ్రైవర్ పట్టుకున్న పిల్లాడికి పడేది ఒకటే మాట: "మెకానిక్కువి అవుతావా?" మెకానిక్కు కావడం ఏదో శాపమైనట్టు.

మరి 2025 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు కనిపించినప్పుడు మన వాట్సాప్ గ్రూపులో ఎన్ని చప్పట్లు! కొండపల్లి బొమ్మ లేనిదే మన వేదిక అలంకరణ పూర్తి కాదు. మైసూరు వెళ్లి వచ్చేటప్పుడు చన్నపట్నంలో ఆగనివాళ్లు ఎవరు? చేతితో చేసిన బొమ్మ అద్దాల బీరువాలో ఉంటే సంస్కృతి, పిల్లాడి చేతిలో విప్పి ఉంటే అల్లరి.

ఇటు వైపు తప్పులు లేవనను. ఇది ఖరీదైన సరదా. నా బండి సెకండ్ హ్యాండ్‌లోనే 32 వేలయింది. అంత పెట్టలేని ఇళ్లు మన సంఘంలో చాలా ఉన్నాయి, ఒకరి చేతిలో చూసి ఇంకొకరి పిల్లాడు ఏడిస్తే ఆ తల్లిదండ్రుల బాధ నాకు అర్థమవుతుంది. పైగా మాలో సగంమంది నడిపేదానికంటే కొనేది ఎక్కువ. ముందు చక్రాల దగ్గర బరువు కోసం ఇత్తడి ముక్కలు, మెత్తటి టైర్లు, ముందు చక్రాలను పక్కకు తిప్పే సర్వో మోటారు కొత్తది అంటూ ఇంట్లో ఆడవాళ్ల నగల చిట్టాను మించిపోతుంది. ఈ బండ్ల బ్యాటరీలు అంటుకుంటాయేమోనన్న కమిటీ భయం న్యాయమైనదే. లిథియం పాలిమర్ సెల్లు నిండితే 4.2 వోల్టులు. వాడనప్పుడు 3.8 దగ్గర పెట్టాలి. నిండుగా నెలలు వదిలేస్తే చెడిపోతుంది. నాదొకటి పూరీలా పొంగితే రెండు రోజులు బాల్కనీలో ఇసుక బకెట్లో పెట్టి, నిద్రపట్టక లేచి చూసుకున్నాను. కాబట్టి హాల్లో చార్జింగ్ పెట్టకూడదు అంటే తలూపుతాను. చదువు పాడవుతుందన్న మాటకు మాత్రం తలూపను. ఆ చిన్న బండి వాడి చేతికొచ్చినప్పటి నుంచి ఆదివారం పొద్దున ఆరింటికల్లా లేస్తున్నాడు. వాళ్లమ్మ పదేళ్లుగా చేయించలేని పని అది.

వచ్చే ఉగాదికి కమిటీని అడిగేది ఒక బల్ల, పక్కన నాలుగు గజాల జాగా. నృత్యాలు తగ్గించమనడం లేదు, పద్యాలు ఆపమనడం లేదు. పంచాంగ శ్రవణం అయ్యాక భోజనాల దాకా ఎలాగూ గంటన్నర ఖాళీ, పిల్లలు ఫోన్లు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటారు. ఆ గంటన్నర ఇవ్వండి. క్రాలరే కానక్కర్లేదు. పాడైన టేబుల్ ఫ్యాను, తిరగని మిక్సీ, గంట మోగని సైకిలు, ఏదైనా తెమ్మందాం. పెద్దవాళ్లలో చేతిపని తెలిసినవాళ్లు ఉన్నారు. వ్యాలికావల్ వైపు నుంచి వచ్చే ఒక తాతగారు నలభై ఏళ్లు రేడియోలు బాగుచేశారని మొన్ననే తెలిసింది. ఇన్నాళ్లూ ఆయన్ని మనం ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పడం తప్ప ఏమీ అడగలేదు.

ఆ మైకు పెద్దాయన్ని కూడా పిలుస్తాను. రిమోట్ ఆయన చేతికే ఇస్తాను, ఒక్క గుండు ఎక్కించమంటాను. కుర్రాడు పక్కన నిలబడి "నెమ్మదిగా తాతయ్యా, ఎడమ చక్రం చూడండి" అంటాడు. అనడానికి వాడు రావాలి కదా, ఇప్పటికైతే రానంటున్నాడు. బండి ఇంకా ఆ స్కూలు బ్యాగులోనే ఉందని వాళ్లమ్మ చెప్పింది.

రాళ్లు సంఘం కొననక్కర్లేదు. ఆరు ఇప్పటికే నా డిక్కీలో ఉన్నాయి, కూరగాయల సంచికి చోటు లేదని మా ఆవిడ రోజూ అంటూనే ఉంది. నిమ్మకాయల ఖర్చు మాత్రం కమిటీ పెట్టుకోవాలి, చిన్నవి చూసి తెప్పించండి.